క్రోటన్ అంటే ఏ చెట్టు?

ముప్పై ఏళ్లకు పైగా ఉద్యాన శాఖలో మొక్కల ఉద్యోగం చేసి ఇంట్లో కూర్చున్నాను. ఈ మధ్య అదే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు వచ్చి, "మేడం, మీరు చూసినవి రాసి పెట్టండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ఏ ఏడాది ఏ హోదాలో ఉన్నానో, ఫైలు ఎలా కదిలించాలో రాసి మిమ్మల్ని విసిగించను. అవన్నీ ఆఫీసులో ఎవరో ఒకరు నేర్పుతారు. నేను ఒక్క మాట గురించి రాస్తాను. ఆ మాట క్రోటన్. దాని అర్థం నాకు తెలుసని చాలా ఏళ్లు అనుకున్నాను. తెలియదని ఒక పదకొండేళ్ల పిల్ల ప్రాణం మీదికి వచ్చాక అర్థమైంది.

పుస్తకం ప్రకారం క్రోటన్ అంటే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలగలిసిన దళసరి ఆకుల పొద. అందులోనూ ఒక చిక్కుంది. శాస్త్రంలో క్రోటన్ అనే పేరు వేరే జాతిది. విరేచనాలు పట్టించే నేపాళం ఆ జాతి మొక్కే. మన ఇళ్ల ముందు కుండీల్లో పెంచుకునే క్రోటన్‌కు శాస్త్రంలో ఇంకో పేరుంది.

జనం నోట్లో మాత్రం ఈ మాట పరిధి చాలా పెద్దది. పూలు కోసుకునేది కాదు, కాయ తినేది కాదు, కూరకు రాదు, పూజకు రాదు, చూడటానికి మాత్రం బాగుంటుంది అనుకోండి, అది క్రోటనే. కొందరు షో చెట్టు అంటారు. ఆకు మీద మచ్చలున్నా, చారలున్నా, ఆకు కత్తిలా నిలబడినా, గొడుగులా వంగినా అన్నీ క్రోటన్లే. మనుషులను కూడా ఆ పేరుతో పిలుస్తారు. పని చెయ్యకుండా కుర్చీలో కనబడేవాణ్ని "ఆఫీసుల క్రోటన్ చెట్టు లెక్క ఉన్నడు" అంటారు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ప్రతి శిబిరంలోనూ ఎవరో ఒకరు మైకు పట్టుకుని, "మనోళ్లు పదవులల్ల క్రోటన్ చెట్ల లెక్క కూసున్నరు" అనేవారు. అందరూ చప్పట్లు కొట్టేవారు. నేనూ కొట్టాను.

జనగామలో పెద్దసారు

నా మొదటి ఉద్యోగం జనగామలో, ఒక నర్సరీలో. అప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒకే జిల్లా. మా పై అధికారి కోస్తా ప్రాంతం మనిషి. అందరం పెద్దసారు అనేవాళ్లం.

చేరిన వారంలోనే ఒక మీటింగులో లేచి, కుండీలు చూపించి, "సార్, ఈ చెట్లకు నీళ్లు సరిపోతలెవ్వు" అన్నాను. పెద్దసారు కళ్లద్దాలు తీసి నన్ను చూశారు.

"ఏమ్మా, అరచేతిలో పట్టేదాన్ని చెట్టంటావా? ఇది చెట్టయితే ఆ బయట ఉన్న వేపను ఏమంటావు?"

గది గదంతా నవ్వింది. మా ఊరు తరిగొప్పులలో మొలకెత్తిన దగ్గర్నుంచి అన్నీ చెట్లే. మా బాపు మిరప చెట్టు, వంకాయ చెట్టు అనేవాడు. అందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. కానీ ఆ రోజు తర్వాత ఆఫీసులో నేను మొక్క అనే అన్నాను. ఇంటికి పోయాకనే చెట్టు అనేదాన్ని. నోట్లో రెండు భాషలు పెట్టుకుని బతకడం ఎంత అలసటో ఆ అలవాటు ఉన్నవాళ్లకే తెలుసు.

అదే పెద్దసారు నాకు ఈ ఉద్యోగం నేర్పారని కూడా రాయాలి. ఒక రైతు వచ్చి బత్తాయి ఆకు పసుపెక్కుతోందని చెబితే, మా సహోద్యోగి ఒకతను వెంటనే మందు పేరు చీటీ మీద రాయబోయాడు. పెద్దసారు చీటీ లాక్కున్నారు. "ఆకు చూశావా? చూడకుండా జవాబు చెప్పేవాడు మొక్కల దగ్గర ఉండకూడదయ్యా" అని, మిట్టమధ్యాహ్నం ఆ రైతు సైకిలు వెనక కూర్చుని తోటకు వెళ్లారు. భాష విషయంలో ఆయన మనసు చిన్నది. పని విషయంలో అంత పెద్ద మనిషిని నేను మళ్లీ చూడలేదు. రెండూ నిజమే.

కేస్లి

ఇరవై ఏళ్ల తర్వాత నేను మహబూబాబాద్‌లో ఉన్నాను. నెల్లికుదురు వైపు ఒక ఆడపిల్లల హాస్టల్ బడి ఉండేది. అక్కడ తోటపని చేసే లంబాడ ఆమె పేరు కేస్లి. పక్క తండా నుంచి పొద్దున్నే నడిచి వచ్చేది. రోజుకూలి. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. నేను కేస్లక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడం అనేది.

అలాంటి తోట నేను ప్రభుత్వ బడుల్లో ఎక్కడా చూడలేదు. బోరు ఎండిపోయిన వేసవిలో కూడా పిల్లలు చేతులు కడిగిన నీళ్లు కాలువ తీసి మొక్కల పాదుల్లోకి మళ్లించేది. ఏ మొక్క ఏ పూట ఎండను ఇష్టపడుతుందో చూసి కుండీలు జరిపేది. ఆమెకు చదువు రాదు. మేం నర్సరీ నుంచి పంపిన మొక్కల పేర్లు ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకని తనే పెట్టుకుంది. నీళ్లు ఎక్కువైతే కుళ్లిపోయేది అలిగే చెట్టు. ముట్టుకుంటే చేతులు దురద పెట్టేది గోకుడు చెట్టు. సాయంత్రానికి ఆకులు ముడుచుకునేది పండుకునే చెట్టు. మేమందరం క్రోటన్ అని ఒకే మూటలో కట్టేసినవాటికి ఆమె దగ్గర పద్దెనిమిది పేర్లున్నాయి. నేను తర్వాత లెక్కపెట్టాను.

ఒకసారి తనిఖీకి పై నుంచి ఎవరో వస్తున్నారంటే నేను ముందురోజు వెళ్లి తోట చూశాను. వెడల్పాటి పచ్చని ఆకుల మీద తెల్లని మచ్చలున్న మొక్కలు ఆరు కుండీలు, ఎవరికీ కనబడకుండా వెనక గోడ మీద ఎత్తున పెట్టి ఉన్నాయి.

"ఇంత మంచి చెట్లను గోడెక్కించినవేంది కేస్లక్కా? అన్నం తినే హాలు ముందర పెట్టు. అందంగ ఉంటది."

"గది నోరువాపు చెట్టు మేడం. పిల్లలు తిరిగే కాడ వద్దు."

నేను నవ్వాను. "నోరువాపు చెట్టేంది? క్రోటనే గద. ఏం కాదు, దించు."

ఆమె నా ముఖం చూసి, కుండీలు దించింది.

ఆ మొక్క అసలు పేరు నాకు తెలుసు. డిఫెన్‌బేకియా. దాని రసం నోటికి మంచిది కాదని కాలేజీలో చదివాను కూడా. కానీ రేపటి తనిఖీ తొందరలో నేను కూడా ఊరందరిలాగే క్రోటన్ అనేశాను. చదువుకున్న పేరూ వాడలేదు, ఆమె పెట్టిన పేరూ వినలేదు. జనగామలో ఆ గది నా మీద నవ్విన నవ్వే ఆ రోజు నా నోట్లోంచి వచ్చింది. అప్పుడు నాకు ఆ సంగతి తోచలేదు.

ఫోను

కొన్ని నెలలకు సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, పంతుళ్లు బడికి రావడం లేదు. హాస్టల్ పిల్లలు చాలామంది ఇళ్లకు పోయారు. దూరపు ఊళ్ల పిల్లలు కొందరు బస్సులు లేక అక్కడే ఉండిపోయారు. వాళ్లతో వార్డెనమ్మ ఉంది. కేస్లి కూడా రోజూ వచ్చేదట. ఎందుకు వస్తున్నావని వార్డెన్ అడిగితే, "మనుషులు సమ్మె చేస్తరు గని చెట్లు చేస్తయా?" అందట.

నేను మహబూబాబాద్‌లో శిబిరంలో కూర్చున్నాను. పన్నెండు దాటింది. ఒకతను మైకులో మాట్లాడుతున్నాడు. ఫోను మోగింది. వార్డెన్.

"మేడం, ఆరో తరగతి పిల్ల శిరీష క్రోటన్ ఆకు నమిలింది. పిల్లలందరు పాన్ ఆట ఆడుకుంటుండ్రు. నోరు మంట అని ఏడుస్తుంది. ఏమన్న అయితదా?"

మైకు గోల. ఒక చెవి మూసుకుని, "ఏం కాదమ్మా. క్రోటన్ ఆకు చేదుంటది, మింగరు. నోరు పుక్కిలించి నీళ్లు తాగియ్యిరి, పరేషాన్ కావద్దు" అన్నాను. ఫోను పెట్టేసి మళ్లీ కూర్చున్నాను.

మనసులో నాకు కనబడింది ఎర్రాకుల క్రోటన్. పుస్తకంలోది. వార్డెన్ చెప్పింది జనం క్రోటన్. ఇద్దరం ఒకే మాట అన్నాం, రెండు వేర్వేరు మొక్కల గురించి మాట్లాడాం.

పది నిమిషాలు గడిచి ఉంటాయి. ఎవరో మంచినీళ్ల గ్లాసు అందించారు. నోటి దగ్గర పెట్టుకోబోయి ఆగిపోయాను. అన్నం తినే హాలు ముందు ఏ కుండీలున్నాయి? పాన్ చుట్టడానికి వెడల్పాటి మెత్తని ఆకు కావాలి కదా?

వెంటనే ఫోను చేశాను. వార్డెన్ ఏడుస్తోంది.

"నోట్లకెల్లి చొల్ల కారుతుంది మేడం. పెదవులు, నాలుక ఉబ్బినయి. మాట వస్తలేదు. కేస్లి ఊళ్లె ఆటోని పిలిచి మహబూబాబాద్ దవాఖానకు తీస్కపోయింది. మేడం ఏం కాదన్నరు, ఆగు అని నేను చెయ్యి పట్టుకొని ఆపిన. ఇనలే. చెయ్యి ఇడిపించుకొని పోయింది."

రోడ్డు మీద

నా స్కూటీ తీసి, ఆటోకు ఎదురుగా నెల్లికుదురు రోడ్డు పట్టాను. ఆ రోజు ఆ దారిలో వంటావార్పు జరుగుతోంది. అంటే నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి, పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని తిని నిరసన తెలపడం. రోడ్డుకు అడ్డంగా మూడు పెద్ద గిన్నెల్లో అన్నం, పప్పు ఉడుకుతున్నాయి. రెండు పక్కలా రెండు మూడు వందల మంది. పొయ్యిల అవతల ఒక ఆటో నిలిచి ఉంది.

మెడలో గులాబీ కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి నాకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎటు అక్కా? ఇయ్యాల బండ్లన్నీ బంద్."

"అన్నా, గా ఆటోల పిల్ల ఉన్నది. ఇషపు ఆకు నమిలింది. గొంతు వాచిపోతే ఊపిరాడదు. దవాఖానకు పోవాలె."

ఆయన వెనక్కి తిరిగి ఆటో వైపు చూశాడు. ఆటోలో కేస్లి, ఒళ్లో పిల్ల. పిల్లను పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, తల ముందుకు వంచి పట్టుకుంది. చొల్ల గొంతులోకి పోకుండా బయటికే కారాలని. అలా పట్టుకోవాలని ఆమెకు ఎవరు చెప్పారో!

ఆ పెద్దమనిషి రెండో ప్రశ్న అడగలేదు. "గిన్నెలు లేపుండ్రి! పొయ్యి ఇరగ్గొట్టుండ్రి!" అని అరిచాడు. భుజం మీద తువ్వాళ్లు తీసి, సలసలా కాగుతున్న గిన్నెల చెవులకు చుట్టి, నలుగురు నలుగురు పట్టుకుని పక్కకు లాగారు. పప్పు సగం ఒలికిపోయింది. ఒకామె చేతి కర్రతో మండే కట్టెలను కాలువలోకి తోసింది. రెడ్ల ఇళ్ల ఆడవాళ్లు, తండాల ఆడవాళ్లు కలిసి వేడి రాళ్లను కాళ్లతో దొర్లించారు. ఎవరికి కాలిందో ఎవరూ చూసుకోలేదు. రెండు నిమిషాల్లో దారి అయింది. ఇద్దరు కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద, "బండి వస్తుంది, జరుగుండ్రి" అని అరుస్తూ దవాఖాన దాకా ముందు పోయారు. నేను ఆటో వెనకే వెళ్లాను.

ఉద్యమం గురించి పెద్ద పెద్ద సభల కథలు మీరు వినే ఉంటారు. నాకు మాత్రం ఉద్యమం అంటే ఆ ఒలికిన పప్పు.

దవాఖానలో

సమ్మెలో కూడా అత్యవసర వార్డు నడుస్తోంది. డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్న వయసు అతను. "ఏం తిన్నది?" అన్నాడు.

"క్రోటన్ అంట సార్" అన్నాడు ఆటో అతను.

"ఏ క్రోటన్?"

ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. నేను నోరు తెరిచేలోపు కేస్లి కొంగు ముడి విప్పింది. అందులో పళ్ల గాట్లు పడ్డ ఆకు, చిన్న కాడ ముక్క ఉన్నాయి. పిల్ల నోట్లోంచి వేలితో తీసిన తునకలు కూడా ఒక కాగితంలో చుట్టి తెచ్చింది.

"గిదే సారూ. గింతే నమిలింది. మిగిలింది నోట్లకెల్లి తీసిన. సల్లటి పెరుగు పుక్కిలిచ్చిన, మింగనియ్యలే."

నేను మొక్క పేరు చెప్పాను. డాక్టరు తల ఊపి, సూది మందులు చెప్పి, ఆక్సిజన్ దగ్గర పెట్టించి, పిల్ల గొంతులో లైటు వేసి చూశాడు. "ఇప్పటికి దారి తెరిచే ఉంది. ఇంకో మూడు గంటలు చూడాలి" అన్నాడు.

మేమిద్దరం వరండాలో నేల మీద కూర్చున్నాం. కేస్లే మాట్లాడింది.

"సాయంత్రం దాంక ఉంటది మేడం. తెల్లారెసరికి తగ్గుతది. భయపడకు."

"నీకెట్ల తెలుసు?"

"నిరుడు కొమ్మలు కొట్టి బయట పారేస్తె మా మేక నమిలింది. దినమంత నోరు తెరుసుకొని చొల్ల కార్చింది. ఏందో చూద్దామని నేను సుత ఆకు చీరి నాలుకకు పెట్టుకున్న. అబ్బో! సూదులు గుచ్చినట్టు. పొద్దుమూకెదాంక మాట రాలే. మా ఇంటాయన సంబురపడ్డడు."

పిల్లలు తిరిగే చోట ఉన్న మొక్క ఏం చేస్తుందో తెలుసుకోవాలని తన నాలుక మీద పెట్టి చూసుకున్న మనిషి. ఆ పేరు పెట్టడానికి ఒక పగలంతా మూగగా ఉంది. నేను ఒక్క నవ్వుతో దాన్ని కొట్టిపారేశాను.

"తప్పు నాదే కేస్లక్కా" అన్నాను.

"అవును" అంది. అంతే. ఓదార్చలేదు, దెప్పలేదు.

సాయంత్రానికి వాపు తగ్గడం మొదలైంది. మర్నాడు పొద్దున శిరీష మొదట అన్న మాట, "ఆకలైతుంది."

నేను రాసిన కాగితం

పిల్ల బతికింది. కానీ పై నుంచి అడిగేవాళ్లు ఉంటారు కదా. సమ్మె ముగిసి బడి తెరవగానే, విషపు మొక్కలు పిల్లలు తినే చోట పెట్టింది తోటపని మనిషేనని, ఆమెను తీసేస్తే సరిపోతుందని మాట మొదలైంది. రోజుకూలి మనిషిని తీసెయ్యడానికి కాగితం కూడా అక్కర్లేదు. రేపటి నుంచి రావద్దు అంటే చాలు.

ఆ మాట నాకు వార్డెన్ చెప్పింది. ఆమె కూడా భయపడుతోంది. నాతో కలిసి పనిచేసే ఒకాయన, "మీరు మాట్లాడకుండ ఉంటె మీ దాక రాదు మేడం" అన్నాడు. ఆయన నా మంచి కోరే చెప్పాడు. నిజం చెబుతున్నాను, ఒక పూటంతా నేను మాట్లాడకుండానే ఉన్నాను. ఆ పూట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత కూర్చుని ఒక పేజీ రాశాను. ఆ కుండీలను ఎత్తున పెట్టింది కేస్లి. దించమన్నది నేను. వద్దని ఆమె చెప్పింది, నేను వినలేదు. ఆకు చూడకుండా ఫోనులో సలహా ఇచ్చింది నేను. నా మాట కాదని ఆమె బయల్దేరబట్టే పిల్ల బతికింది. ఇంతే రాసి సంతకం పెట్టి ఇచ్చాను. దాని వల్ల నాకు జరగాల్సింది జరిగింది. భూపాలపల్లికి బదిలీ చేశారు. కేస్లి పని పోలేదు. శిరీష తల్లిదండ్రులు డోర్నకల్ దగ్గర్నుంచి వచ్చి, తండాకు పోయి ఆమెకు చీర పెట్టి వెళ్లారు. నన్ను చూడటానికి రాలేదు. రావాలని నేను అనుకోలేదు.

భూపాలపల్లిలో

పోయేముందు ఒక వారం రోజులు ఆ తోటలో కేస్లి వెంట తిరిగి ఆమె పేర్లన్నీ రాసుకున్నాను. పద్దెనిమిది అని పైన రాసింది అందుకే. ఒక్కో పేరు పక్కన శాస్త్రం పేరు, ఆ మొక్క చేసే మేలు, కీడు రాశాను. భూపాలపల్లిలో ఏ బడికి మొక్కలు పంపినా, క్రోటన్లు ఇన్ని అని రాసే అలవాటు మానేశాం. ప్రతి కుండీకీ చెక్క మీద పేరు రాసి కట్టించాం. మొదట జనం పేరు, కింద పుస్తకం పేరు. కీడు చేసేదైతే ఎర్ర రంగు.

రాష్ట్రం వచ్చిన తర్వాతి వానాకాలం, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు భూపాలపల్లిలో ఒక శిక్షణ పెట్టాను. ఒక పూట పాఠం చెప్పడానికి కేస్లిని రప్పించాను. ముప్పై మంది చదువుకున్న పిల్లల ముందు నిలబడి ఆమె మొదట కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత ఒక కుండీ దగ్గరకు లాక్కుని, "దీన్ని ముందుగాల్ల వారం రోజులు ఊకె చూడుండ్రి. ఏం చెయ్యద్దు" అని మొదలుపెట్టింది. రెండు గంటలు ఎవరూ కదల్లేదు. ఒకబ్బాయి చివరిదాకా రాసుకుంటూనే ఉన్నాడు. వెనక వరసలో కూర్చుని నేనూ రాసుకున్నాను.

పాఠం అయ్యాక హాజరు పుస్తకం వచ్చింది. పేరు పక్కన హోదా అనే గడి ఉంది. గుమాస్తా అందులో కూలి అని రాసి వేలిముద్ర కోసం ముందుకు జరిపాడు. నేను పుస్తకం తీసుకుని ఆ మాట కొట్టేసి, పైన వేరే మాట రాశాను.

కేస్లి వంగి చూసింది. "ఏం రాసినవ్ మేడం?"

"పంతులమ్మ అని రాసిన. ఇయ్యాల నువ్వు చేసిన పని గదే గద."

ఆమె ఆ నాలుగు అక్షరాలను చూసింది. బొటనవేలు సిరాలో అద్ది గట్టిగా ఒత్తింది. లేచి కొంగు దులుపుకుంటూ అంది:

"గట్లయితె జర జల్ది బస్సెక్కియ్యి మేడం. పంతులమ్మకు పొద్దుగాల మిరప నాటేది ఉన్నది."